ముందు నిలబడేవాళ్లు, వెనక నిలబడేవాళ్లు

పోయిన సంక్రాంతికి మన పూర్వ విద్యార్థులం కలిసినప్పుడు, భోజనాల దగ్గర ఒక మాస్టారు నన్ను పిలిచి, "అమెరికాలో లెక్కలు చెబుతున్నావనుకున్నాం. చీర్‌లీడర్లకు కూడా ఇన్‌ఛార్జిగా ఉన్నావటగదమ్మా, అదేం పని?" అని అడిగారు. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నేను పులిహోర నములుతూ ఏవో రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు అడిగినప్పుడు, ఆ రోజు బాకీ పడిన జవాబే రాద్దామనిపించింది. కాస్త పొడుగైన జవాబు, మన్నించండి.

నవ్వినవాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. మనవాళ్లలో చాలామంది చీర్‌లీడర్లను మొదటిసారి చూసింది ఐపీఎల్‌లో. 2008 ఏప్రిల్ 18న బెంగళూరులో మొదటి మ్యాచ్ జరిగినప్పుడు వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు చీర్‌లీడర్లను అక్కడికి రప్పించారు. ఫోరో సిక్సరో కొడితే బౌండరీ పక్కన అరనిమిషం డాన్సు. చీర్‌లీడర్ అంటే ఇంతేనని నేనూ అనుకున్నాను. లెక్కల టీచరుగా టెక్సస్‌కు వెళ్లి, శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్‌కు ఊరు ఊరంతా కదిలి రావడం చూశాక కూడా, మైదానం అంచున ఎగిరే ఆ పిల్లల వైపు పెద్దగా దృష్టి పెట్టలేదు. 2021 వేసవిలో ఆ జట్టును చూసుకునే టీచరు ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. ఆగస్టులో బడి తెరిచేసరికి ఎవరూ ముందుకు రాలేదు. ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో అందరి వైపూ చూసి, చివరికి నా దగ్గర చూపు ఆపారు. కొత్తగా వచ్చినవాళ్లకు కాదనడం చేతకాదు. అది ఏ దేశంలోనైనా ఒకటే. అలా నేను 'స్పాన్సర్' అయ్యాను. ఈ స్పాన్సర్ డబ్బు పెట్టే స్పాన్సర్ కాదు. జట్టు బాధ్యత మోసే టీచరుకు టెక్సస్ బడుల్లో వాడే మాట.

నాకు దుముకడం రాదు, డాన్సు రాదు. మన బడిలో కోలాటం వేసిన అనుభవం ఒక్కటే ఉంది. వచ్చిందల్లా చదువుకోవడం కాబట్టి, ముందు దీని చరిత్ర చదివాను. చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. మొట్టమొదటి విషయం, ఇది ఆడపిల్లల పని కానే కాదు.

అమెరికా కాలేజీల మధ్య మొదటి ఫుట్‌బాల్ పోటీ 1869లో ప్రిన్స్‌టన్‌కూ రట్గర్స్‌కూ మధ్య జరిగింది. ఆ తర్వాతి పదేళ్లు, పదిహేనేళ్లలో ప్రిన్స్‌టన్ విద్యార్థులు గట్టు మీద కూర్చుని ఒకే మాటను ఒకే లయలో అరవడం అలవాటు చేసుకున్నారు. రైలింజను బయలుదేరినట్లు మెల్లగా మొదలై వేగం అందుకునే అరుపు ఒకటి ఉండేది, దానికి 'లోకోమోటివ్' అనే పేరు. అక్కడ చదువుకున్న థామస్ పీబుల్స్ అనే ఆయన 1884లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఈ గుంపు అరుపును అక్కడివాళ్లకు నేర్పారు. అప్పటికి అరవడం ఉంది గానీ, అరిపించేవాడు లేడు.

1898లో మిన్నెసోటా జట్టు వరసగా ఓడిపోతోంది. అరుపులు కూడా చెల్లాచెదురయ్యాయి. ఒక మూల ఒకటి, ఇంకో మూల ఇంకొకటి. విద్యార్థుల పత్రిక దీని మీద రాసింది, అరుపులకు ఒక పద్ధతి కావాలంది. ఆ నవంబరులో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం మధ్య నుంచి లేచి ముందుకు వచ్చి, ఆటకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడి వాళ్లతో ఒక్క గొంతుగా అరిపించాడు. చీర్‌లీడింగ్ పుట్టినరోజుగా 1898 నవంబరు 2ను చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్నది ఆ 'వీపు పెట్టడం'. అంత ఉత్కంఠగా సాగుతున్న ఆటను తాను చూడకుండా, చూస్తున్నవాళ్లను చూస్తూ నిలబడాలి. మన బడిలో ప్రార్థన సమయంలో అసెంబ్లీకి ఎదురుగా నిలబడి "సావధాన్, విశ్రామ్" చెప్పే ఎస్‌పీఎల్ గుర్తొచ్చాడు. జెండా అతని వెనక ఎగురుతుంటుంది, అతను చూసేది మాత్రం మన వరసల్ని.

అప్పట్లో వీళ్లను 'యెల్ లీడర్లు' అనేవారు. అందరూ మగవాళ్లే. కాలేజీలో ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తర్వాత అంతటి మర్యాద వీళ్లకే ఉండేది. తర్వాత అమెరికా అధ్యక్షులైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్‌లో ఈ పని చేశారు. ఐసెన్‌హోవర్ వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో 1912లో మోకాలు దెబ్బతిని ఫుట్‌బాల్ మానుకోవలసి వచ్చాక చీర్‌లీడర్ అయ్యారు. రీగన్ యురేకా కాలేజీలో, చిన్న బుష్ హైస్కూల్లో. నలుగురు అధ్యక్షులు! ఈ సంగతి ఫోన్‌లో మా తమ్ముడికి చెబితే నమ్మలేదు. టెక్సస్‌లోని ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ 'యెల్ లీడర్లు' అనే పాత పేరే నడుస్తోంది.

ఆడపిల్లల్ని మిన్నెసోటా 1923లో రానిచ్చింది. మిగిలిన చోట్ల అంత త్వరగా ఒప్పుకోలేదు. వాళ్ల గొంతు పాడవుతుందని, మర్యాద చెడుతుందని, మనకు కొత్తకాని కారణాలే చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధానికి మగపిల్లలు వెళ్లిపోయాక ఖాళీ అయిన చోట ఆడపిల్లలు నిలబడ్డారు. యుద్ధం అయ్యాక వీళ్లు వెనక్కి వెళ్లలేదు. అయితే ఆడపిల్లల పని అయ్యాక దాని మర్యాద తగ్గింది. అదే పని, అదే మెగాఫోను. మగవాడు చేసినంతకాలం నాయకత్వం అన్నారు, ఆడపిల్ల చేస్తే అలంకారం అన్నారు. దీని మీద ఇంకా చాలా రాయవచ్చు, ఇక్కడితో ఆపుతాను.

దీన్ని బడిపాఠంలాగా నేర్పవచ్చని కనిపెట్టినవాడు లారెన్స్ హెర్కిమర్. డల్లస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో చీర్‌లీడర్‌గా ఉండి, 1948లో టెక్సస్‌లోనే హంట్స్‌విల్ అనే ఊళ్లో శిక్షణ శిబిరం పెట్టాడు. ఆ ఏడు వచ్చినవాళ్లు 52 మంది అమ్మాయిలు, ఒక అబ్బాయి. మరుసటి ఏటికి వందలయ్యారు. చేతిలో ఊపే కుచ్చులకు, అంటే పాంపాంలకు, 1971లో పేటెంటు తీసుకున్నదీ ఆయనే. ఒక కాలు చాచి, ఒక కాలు మడిచి ఎగిరే గెంతు ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే 'హెర్కీ' అంటారు. ఒకరకంగా దూకబోతే ఇంకోరకంగా వచ్చిన గెంతు అట.

ఆయన గురించి చెప్పుకునే కథ ఒకటి నాకు ఇష్టం. తొలి రోజుల శిబిరాల్లో ఒక జట్టు వచ్చింది. విద్యలో వెనకబడిన జట్టే, బహుమతులన్నీ వేరేవాళ్లకు వెళ్లాయి. కానీ శిబిరంలో ఉన్నన్నాళ్లూ వాళ్లు ఒకళ్లనొకళ్లు వదల్లేదు, పక్క జట్లను కూడా ఉత్సాహపరుస్తూనే ఉన్నారు. వీళ్లను ఉత్త చేతులతో పంపడం మనసొప్పక హెర్కిమర్ ఒక చెట్టు కొమ్మ కోసి, రంగు వేసి, ఇచ్చాడట. దాని పేరు 'స్పిరిట్ స్టిక్'. ఇప్పటికీ శిబిరాల్లో అలాంటి కర్ర ఇస్తారు. అది నేలకు తగలకూడదని పిల్లలకు ఒక నమ్మకం. రాత్రి కూడా వంతులవారీగా పట్టుకుని కూర్చునే జట్లు ఉన్నాయి. కర్ర విలువ రూపాయి ఉండదు. కానీ నా వంతు అయ్యాక పక్కదాని చేతిలో పెట్టి నేను నిద్రపోవాలి, అది నిద్రపోదన్న నమ్మకం నాకుండాలి. అక్కడివాళ్లు 'టీమ్ కెమిస్ట్రీ' అనేది ఈ నమ్మకాన్నే. కెమిస్ట్రీ అంటే మనకు ఒకటి సైన్సు పీరియడు, రెండోది సినిమా రివ్యూల్లో హీరో హీరోయిన్ల మధ్య పండేది. ఈ మూడోదానికి మన ఊళ్లో మాట 'జట్టు కుదరడం'.

జట్టు కుదరాలంటే ముందు జట్టులో చోటు దొరకాలి కదా. ఆ చోటు కోసం టెక్సస్‌లో ఒక ఊరు ఊరే కదిలిన కథ ఉంది. మా పిల్లలకు తెలియకపోతే నేనే చెప్పాను.

సాన్ ఆంటోనియోకు నైరుతి వైపున క్రిస్టల్ సిటీ అని చిన్న ఊరు. పాలకూర పండిస్తారు. పాలకూర తిని బలం తెచ్చుకునే కార్టూను వీరుడు పొపాయ్‌కి 1937లోనే విగ్రహం పెట్టుకున్న ఊరది. అక్కడి బడిపిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా మెక్సికన్ మూలాలవాళ్లు, చేలల్లో కూలిపనికి వెళ్లే కుటుంబాల పిల్లలు. కానీ హైస్కూలు చీర్‌లీడర్లను ఎంపిక చేసేది ఉపాధ్యాయులు. మెక్సికన్ అమెరికన్ పిల్లల్లో ఒక్కరికే చోటు అన్నది ఎక్కడా రాయని నియమం. 1969 వసంతంలో రెండు ఖాళీలు వచ్చాయి. డయానా పలాసియోస్ అనే అమ్మాయికి విద్య ఉంది, ఈడు ఉంది. అయినా మీవాళ్లు ఒకరు ఇప్పటికే ఉన్నారు కదా అని ఆమెను పక్కన పెట్టారు. పిల్లలు అర్జీ పెట్టుకున్నారు. పెద్దలు తలూపారు, తర్వాత మరిచారు. శరదృతువులో ఇంకో ముచ్చట వచ్చింది. ఉత్సవ రాణి పోటీకి నిలబడే అమ్మాయి తల్లో తండ్రో ఆ బడిలోనే చదివి పాసై ఉండాలన్నారు. కూలికి పోయి చదువు మానేసిన తల్లిదండ్రుల పిల్లలకు ఆ తలుపూ మూసుకుంది. డిసెంబరు 9న పిల్లలు బడి బహిష్కరించారు. సెవెరిటా లారా అనే విద్యార్థిని ముందు నిలిచినవారిలో ఒకరు. రోజురోజుకూ పెరిగి వేయిమందికి పైగా బయటికి వచ్చారు. ముగ్గురు విద్యార్థులు వాషింగ్టన్ దాకా వెళ్లి తమ మాట చెప్పుకున్నారు. చీర్‌లీడర్లను మేమే ఎన్నుకుంటాం అన్నదానితో మొదలైన కోర్కెల పట్టీలో రెండు భాషల్లో చదువు, మెక్సికన్ అమెరికన్ ఉపాధ్యాయులు వంటివన్నీ చేరాయి. జనవరి మొదట్లో బడి బోర్డు దిగివచ్చింది. ఆ ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికల్లో, ఉద్యమం వెనక నిలిచిన హోసే ఆంహెల్ గుటియెరెజ్ బోర్డులోకే ఎన్నికయ్యాడు. ఒక చీర్‌లీడరు చోటు దగ్గర మొదలై ఊరి పాలన చేతులు మారేదాకా వెళ్లింది.

మా జట్టులో సగం మంది ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. ఈ కథ చెప్పిన రోజు ఒక పిల్ల, "మా అమ్మమ్మ ఆ పక్క ఊరే మిస్" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. డెబ్బయిల తర్వాత చీర్‌లీడింగ్ అరుపుల నుంచి ఎత్తుల్లోకి వెళ్లింది. ఇప్పుడు అదొక సాము. ప్రపంచ సమాఖ్యను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021 జూలైలో పూర్తిగా గుర్తించింది కూడా. నలుగురు ఒక కూర్పు. కింద ఎదురెదురుగా ఇద్దరు, వాళ్లు బేస్‌లు. వాళ్ల చేతుల్లో పాదాలు పెట్టి పైకి లేచేది ఫ్లయర్. వెనక ఒకరు, బ్యాక్‌స్పాట్. ఆమె ఫ్లయర్ చీలమండలు పట్టుకుని బరువు పంచుకుంటుంది, పడితే తలా మెడా నేలకు తగలకుండా కాచుకుంటుంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క పలుకుతుంది. ఫొటోల్లో పడేది ఫ్లయర్. ప్రేక్షకులకు దాదాపు కనిపించనిది బ్యాక్‌స్పాట్. కోలాటంలో పంతులు కేక వేయగానే కోపు మారుతుంది, ఒక్కరు తడబడితే పక్కవాళ్ల కోల మన వేలి కణుపుల మీద పడుతుంది. నాకు చాలాసార్లు పడింది. ఇక్కడ తడబడితే పడేది కోల కాదు, మనిషి.

2006 మార్చిలో సెయింట్ లూయీలో ఒక బాస్కెట్‌బాల్ ఆట మధ్య ఒక కాలేజీ అమ్మాయి పిరమిడ్ మీద నుంచి సుమారు 15 అడుగుల ఎత్తు నుంచి పడింది. మెడ ఎముక చిట్లింది. స్ట్రెచర్ మీద కట్టి తీసుకువెళుతుంటే, బ్యాండు వాళ్ల కాలేజీ పాట వాయించేసరికి పడుకునే చేతులతో అభినయం చేసింది. దేశమంతా ఆ దృశ్యాన్ని మెచ్చుకుంది. స్పాన్సరుగా శిక్షణ తీసుకుంటూ నేను ఆ వీడియో చూసినప్పుడు నాకు మెచ్చుకోవాలనిపించలేదు. వెనక ఎవరున్నారు, ఎందుకు అందుకోలేకపోయారు అని పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆ ఘటన తర్వాత నియమాలు బిగించారు. హైస్కూళ్లలో రెండంతస్తులు దాటకూడదు. చాప లేని గట్టినేల మీద కొన్ని విన్యాసాలు చేయనే కూడదు.

నా జట్టులో పదహారు మంది, అంటే నాలుగు కూర్పులు. అంతకు ముందు ఏడంతా కోవిడ్ వల్ల సగం మంది ఇంటి నుంచే చదివారు. తొమ్మిదో తరగతి పిల్లలు పదో తరగతి వాళ్లను తెర మీద తప్ప చూడలేదు. నేను లెక్కల టీచర్ని కాబట్టి అందరి ఎత్తులు రాసుకుని, భుజాలు సమానంగా వచ్చేట్టు పట్టిక వేశాను. చూడముచ్చటగా వచ్చింది. కెప్టెన్ పన్నెండో తరగతి అమ్మాయి. పిల్లల పేర్లు బయట రాయకూడదన్నది మాకు నియమం, అందుకని కెప్టెన్ అనే అంటాను. పట్టిక చూసి ఆ అమ్మాయి మూడో కూర్పు దగ్గర వేలు పెట్టి, "ఈ బేస్‌లిద్దరికీ మాటల్లేవు మిస్. ఫోన్ గొడవ, పోయినేటిది. విడదీద్దాం" అంది. నేను పట్టిక వైపు చూశాను. వాళ్లిద్దరి భుజాల ఎత్తులో తేడా అరంగుళం కూడా లేదు. "మాటలు వద్దు, చేతులు ఉంటే చాలు" అన్నాను. తెలివైన మాట అన్నాననుకున్నాను.

సెప్టెంబరు రెండో వారం సాధనలో మూడో కూర్పు ఫ్లయర్ భుజాల ఎత్తు నుంచి వెనక్కి ఒరిగింది. కుడి బేస్‌కు కాలు జారుతోందని తెలిసింది, కానీ 'దించు' అని కేక వేయలేదు. ఆ మాట ఎడమ బేస్‌కు చెప్పాలి కదా, ఆమెతో మాటల్లేవు కదా. వెనకున్న పిల్ల కొత్తది, అందుకోలేకపోయింది. ఫ్లయర్ చాప మీదే పడింది కానీ చెయ్యి కిందపెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఆ చప్పుడు నేను విన్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల తల్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఆ బేస్‌లిద్దర్నీ జట్టు నుంచి తీసేయాలని ఇతర తల్లిదండ్రులు పట్టుబట్టారు. ప్రిన్సిపాల్ నిర్ణయం నాకే వదిలేశారు. అప్పటికి మూడు నెలల ముందే, జూన్ 23న, అమెరికా సుప్రీంకోర్టు ఒక చీర్‌లీడరు కేసులో తీర్పు చెప్పి ఉంది. పెన్సిల్వేనియాలో మహనోయ్ ఏరియా హైస్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి పెద్ద జట్టుకు ఎంపిక కాలేదని, సెలవురోజున, బడి బయట, ఫోన్‌లో బూతులు రాసి పెట్టింది. బడి ఆమెను ఏడాదిపాటు చిన్న జట్టు నుంచి కూడా తప్పించింది. జట్టు మనోధైర్యం దెబ్బతింటుందన్నది బడి చెప్పిన కారణాల్లో ఒకటి. ఎనిమిది మంది న్యాయమూర్తులు అమ్మాయి వైపు, ఒకరు బడి వైపు. జట్టు మనోధైర్యం అంతగా దెబ్బతిన్నదనడానికి ఆధారం లేదని తీర్పు రాసిన జస్టిస్ బ్రేయర్ అన్నారు. మా గొడవ వేరు, మాకది వర్తించదు. అయినా స్టాఫ్‌రూమ్‌లో అందరి నోటా అదే కేసు. దండిస్తే జట్టు నిలబడుతుందా అన్న ప్రశ్నకు కోర్టులో దొరికిన జవాబుతో నాకు పని జరగలేదు. తప్పు పట్టిక వేసిన నాది. పిల్లలిద్దర్నీ తీసేస్తే పట్టిక ఒప్పయిపోతుంది. అదే నన్ను ఆపింది.

కెప్టెన్ వచ్చి, "తీయొద్దు మిస్, వారం రోజులివ్వండి" అంది. ఇచ్చాను.

మొదటి మూడు రోజులు ఎత్తులే లేవు. తొడ ఎత్తుకు మించి ఎవరూ లేవకూడదంది. ఫ్లయర్లను బేస్‌లుగా, బేస్‌లను బ్యాక్‌స్పాట్‌లుగా మార్చింది. ఎప్పుడూ పైన ఉండే పిల్ల కింద నిలబడి, అరచేతిలో ఇంకొకరి బూటు మోపితే ఎంత నొప్పో తెలుసుకుంది. ఎప్పుడూ కింద ఉండే పిల్ల పైకి లేచి, కాళ్లు వణికితే కిందివాళ్లకు ముందే ఎలా తెలుస్తుందో తెలుసుకుంది. నాలుగు కూర్పులూ ఒకేసారి లెక్క పెడుతుంటే గోలగా ఉండేది. ఒక్కో కూర్పులో ఒక్క గొంతే వినపడాలని, మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని ఆ గొంతును గుర్తుపట్టాలని పెట్టింది. 'దించు' అన్న మాట ఎవరు అన్నా, సరదాకు అన్నా, వెంటనే దించాలి. కారణం అడగకూడదు. ఒక రోజు సాధనలో ఆ మాట పదిహేడుసార్లు వినిపించింది, నేను లెక్కపెట్టాను. ఆమె విసుక్కోలేదు.

మాటల్లేని ఆ ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి రాజీ చేస్తుందని ఎదురుచూశాను. చేయలేదు. "బయట మీరు మాట్లాడుకున్నా మానుకున్నా నాకు పని లేదు. చాప మీద మాత్రం నాలుగు మాటలు పలకాలి: సిద్ధం, ఎత్తు, పట్టు, దించు" అంది. పక్కన నిలబడిన నాకు ఇది చాలదేమో అనిపించింది. మన పెద్దలైతే ఇద్దరి చేతులూ కలిపి, స్వీటు తినిపించి పంపేవారు. ఆ చేతులు బడి గేటు దాకా కలిసుండేవి.

నాలుగో రోజున ఎత్తు మొదలుపెట్టాలి. ఆ ఇద్దరి చేతుల మీదికి ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లూ తల దించుకుని నిలబడ్డారు. కెప్టెన్ బూట్లు బిగించుకుని వచ్చి వాళ్ల భుజాల మీద చేతులు వేసింది. వెనక అనుభవమున్న పిల్లను నిలబెట్టాం, పక్కన నేను. నాలుగు మాటలూ వినిపించాయి. మొదట పీలగా, రెండోసారి గట్టిగా. ఆ సాయంత్రం పన్నెండుసార్లు ఎక్కి దిగింది.

ఫ్లయర్ చేతికి కట్టుతో ఉంది, ఆ కూర్పు వెనకుండిన కొత్తపిల్ల భయపడి మానేసింది. పద్నాలుగు మంది మిగిలారు. అంటే మూడు కూర్పులు, ఇంకో ఇద్దరు. అక్టోబరులో హోమ్‌కమింగ్, అంటే పూర్వ విద్యార్థులు బడికి తిరిగి వచ్చే ఆట. మన ఈ వేడుక లాంటిదే. ఆ రాత్రికి కొత్త పట్టిక నేను వేయలేదు, కెప్టెన్ చేతికే కాగితం ఇచ్చాను. ఆమె తన ఫ్లయర్ చోటును తొమ్మిదో తరగతి పిల్లకు రాసింది. తన పేరు ఆ ఇద్దరు బేస్‌ల వెనక, బ్యాక్‌స్పాట్ దగ్గర రాసుకుంది. చివరి ఏడాది, పైగా కెప్టెన్, అమ్మానాన్నలు చూడటానికి వస్తారు. "బాగా ఆలోచించుకున్నావా?" అని అడిగాను. "ఇక్కడి నుంచి నాకు అందరూ కనిపిస్తారు మిస్" అంది. మెగాఫోను ఆనవాయితీగా కెప్టెన్‌ది. దాన్ని చేతికి కట్టుతో ఉన్న అమ్మాయికి ఇచ్చింది. ఆ రాత్రి ఆ పిల్ల ఎడమచేత్తో మెగాఫోను పట్టుకుని, ఆటకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడింది. నాకు జానీ క్యాంప్‌బెల్ గుర్తొచ్చాడు. పక్కవాళ్లకు చెబుదామనుకున్నాను, గోలలో ఎవరికీ వినపడలేదు.

ఆట మేం ఓడిపోయాం. మా వాళ్లలో ఒక్కరూ కింద పడలేదు. ఆ బేస్‌లిద్దరూ స్నేహితులు కాలేదు, ఆ ఏడాది చివరిదాకా మధ్యాహ్న భోజనం వేరు వేరు బల్లల దగ్గరే తిన్నారు. ఆ రాత్రి ఫ్లయర్‌ను దించాక మాత్రం ఒకళ్ల మణికట్టు ఒకళ్లు పట్టుకుని ఉన్నారు, వదలడం మరిచిపోయినట్టు.

మే నెలలో బడి ఇయర్‌బుక్ వచ్చింది. హోమ్‌కమింగ్ ఫొటో రెండు పేజీల నిండా వేశారు. పైన తొమ్మిదో తరగతి పిల్ల నవ్వు, కింద బేస్‌ల బిగిసిన ముఖాలు. కెప్టెన్ తల్లి ఆ పుస్తకం పట్టుకుని మా గదికి వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు తక్కువ, నాకు స్పానిష్ రాదు. పేజీ మీద వేలు అటూ ఇటూ తిప్పుతూ, మా అమ్మాయి ఏది అన్నట్టు నా ముఖంలోకి చూసింది. ఫ్లయర్ చీలమండల చుట్టూ వెనక నుంచి వచ్చిన రెండు చేతులు కనిపిస్తున్నాయి. వాటి మీద నా వేలు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుని, ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది.